కొండదారుల్లో సైకిల్ లూప్ ఎలా గీయాలి: విశాఖ–అరకు–పాడేరు ఉదాహరణగా ఒక సమగ్ర మార్గదర్శి

మన్యం వైపు సైకిల్ మీద వెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘అంత ఎత్తు ఎక్కగలనా’ అని. ఎక్కేటప్పుడు మన స్పీడు గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లు. అలసిపోతే ఆగుతాం, కాసేపు నడిపించుకుంటూ వెళ్తాం, మళ్లీ ఎక్కుతాం. పెద్ద ప్రమాదమేమీ లేదు. గండమంతా దిగుడులోనే ఉంటుంది. అలసిన చేతులతో బ్రేకులు పట్టుకుని, తెలియని మలుపుల్లోకి, ఒక్కోసారి వెలుతురు తగ్గే వేళకి దిగుతాం. అందుకే కొండల్లో లూప్ గీసేటప్పుడు దిగుడు నుంచి వెనక్కి గీసుకుంటూ రావాలని నేను గట్టిగా చెబుతాను. ఏ ఘాట్‌లో దిగుతాం, ఏ టైముకి దిగుతాం అన్నది తేలితే మిగతా ప్లానంతా దాని వెంటే వస్తుంది.

ఉదాహరణగా విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు, అక్కడి నుంచి పాడేరు, మళ్లీ మాడుగుల, చోడవరం వైపు దిగి విశాఖ చేరే పెద్ద లూప్ తీసుకుందాం. మొత్తం సుమారు 270 కిలోమీటర్లు. రెండు ఘాట్లు, మధ్యలో పీఠభూమి, కాఫీ తోటలు, రెండు చివర్లా ఎండ కాసే మైదానం. ఈ దారికి పనికొచ్చే లెక్కలు హార్సిలీ కొండలకైనా, శ్రీశైలం ఘాట్‌కైనా పనికొస్తాయి.

1. ముందు దారి ఆకారం తేల్చుకోండి

లూప్ అంటే గుండ్రంగానే ఉండాలనేమీ లేదు. కొండల్లో మూడు రకాలు నడుస్తాయి. ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగే పూర్తి చుట్టు మొదటిది. ఒకే దారిలో పైకి వెళ్లి, పైన చిన్న చుట్టు తిరిగి, అదే దారిలో దిగేది రెండోది. పైన ఒక ఊళ్లో బస చేసి, రోజుకొక చిన్న చుట్టు తిరిగి వచ్చేది మూడోది.

కొత్తవాళ్లకు మూడోదే మంచిది. సైకిల్‌ని కారులోనో, రైల్లోనో అరకు చేర్చి, మొదటి రోజు డుంబ్రిగూడ వైపు చాపరాయి దాకా వెళ్లి రండి. రానూ పోనూ 30 కిలోమీటర్లలోపే. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న నేల మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలు మీ కాళ్లకు ఎలా ఉన్నాయో, మీ గేర్లు సరిపోతున్నాయో లేదో ఆ ఒక్క రైడ్‌లో తెలిసిపోతుంది. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో సైకిల్ తీసుకెళ్లాలంటే ముందురోజే విశాఖ స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు వెళ్లి లగేజీ వ్యాన్‌లో చోటు గురించి మాట్లాడుకోండి. సొరంగాల మధ్యగా వెళ్లే ఆ ప్రయాణం కూడా చూసి తీరాల్సిందే.

పెద్ద లూప్‌ను మాత్రం మూడు రోజులకు పంచుకోండి. మొదటి రోజు విశాఖ నుంచి అరకు, సుమారు 115 కిలోమీటర్లు. రెండో రోజు అరకు నుంచి పాడేరు, సుమారు 45. మూడో రోజు పాడేరు నుంచి విశాఖ, సుమారు 110. రెండు రోజుల్లో లాగించేవాళ్లు ఉన్నారు. కానీ అలా చేస్తే అరకు–పాడేరు మధ్య ఉన్న అందమంతా వాచీ చూసుకుంటూ దాటేయాల్సి వస్తుంది. నా దృష్టిలో ఈ లూప్‌కి ప్రాణం ఆ 45 కిలోమీటర్లే.

2. దిగుడును ఎంచుకోండి

రెండు ఘాట్లలో దేన్ని ఎక్కాలి, దేన్ని దిగాలి? మామూలుగా చెప్పేదేమిటంటే, ఇరుకుగా, నిటారుగా, గతుకులుగా ఉన్నదాన్ని ఎక్కాలి, వెడల్పుగా, చూపు బాగా ఆనే దాన్ని దిగాలి. ఎక్కేటప్పుడు గుంత కనిపిస్తే పక్కకు తప్పుకుంటాం. అదే గుంత 40 స్పీడులో మలుపు తిరగ్గానే ఎదురైతే చేయడానికేమీ ఉండదు.

దీన్ని ట్రాఫిక్‌తో కలిపి చూడాలి. ఎస్.కోట నుంచి అరకు ఎక్కే అనంతగిరి ఘాట్ మీద శని, ఆదివారాల్లో, ముఖ్యంగా నవంబర్ నుంచి జనవరి దాకా, పర్యాటకుల కార్లు, బస్సులు వరస కట్టి ఉంటాయి. వాళ్లంతా పొద్దున పైకి, సాయంత్రం కిందికి. 2021 ఫిబ్రవరిలో అరకు నుంచి తిరిగొస్తున్న ఒక పర్యాటకుల బస్సు డముకు దగ్గర చీకటి పడ్డాక లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ వేళకి, ఆ వాహనాలతో కలిసి ఆ ఘాట్ దిగే ప్లాన్ ఎవరూ వేసుకోకూడదు.

పాడేరు ఘాట్ మలుపులు ఎక్కువ ఇరుకు. అక్కడా బస్సులు, జీపులు తిరుగుతాయి. కానీ పాడేరులో రాత్రి బస చేస్తే పొద్దున మంచు విడిచాక, ఎనిమిది ప్రాంతంలో, తాజా చేతులతో, పూర్తి వెలుతురులో దిగవచ్చు. అందుకే ఈ లూప్‌లో ‘ఇరుకు ఘాట్‌ను ఎక్కు’ అన్న సూత్రాన్ని పక్కనపెట్టి, పాడేరు వైపు దిగడానికే నా ఓటు. దారి ఎంత వెడల్పన్నది ఎంత ముఖ్యమో, దిగే టైము అంతకంటే ముఖ్యం. పాడేరులో బస దొరకకపోతే లూప్‌ని తిరగేయండి, లేదా వాయిదా వేయండి. మధ్యాహ్నం మూడు దాటాక ఘాట్ దిగడం మొదలుపెట్టే ప్లాన్ మాత్రం వద్దు. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. కొండ నీడ పడే మలుపుల్లో అంతకంటే గంట ముందే మసకేస్తుంది.

3. ఏ వైపుగా తిరగాలి?

మనం రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశంలో ఉన్నాం. కాబట్టి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగే లూప్‌లో జంక్షన్ల దగ్గర ఎక్కువగా ఎడమకే తిరుగుతాం. ఎదురుగా వచ్చే లారీలను దాటుకుని కుడికి తిరిగే అవసరం తగ్గుతుంది. మ్యాప్ మీద చూడండి: విశాఖ నుంచి ఉత్తరంగా ఎస్.కోట, అక్కడి నుంచి వాయవ్యంగా అరకు, నైరుతి వైపు పాడేరు, మళ్లీ ఆగ్నేయంగా చోడవరం. అంటే ఎస్.కోట వైపు ఎక్కి పాడేరు వైపు దిగితే ఇది గడియారానికి ఎదురు చుట్టే. పై అంచెలో తేల్చుకున్నదానికి ఇదీ కలిసొచ్చింది.

గాలి మాత్రం కలిసిరాదు. ఎండ ముదిరాక సముద్రం నుంచి మైదానం మీదికి గాలి తిరుగుతుంది. చోడవరం నుంచి విశాఖ వైపు వచ్చేటప్పుడు అది నేరుగా మొహానికి కొడుతుంది. మూడో రోజు మధ్యాహ్నం 50 కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కాలంటే కొండ ఎక్కినంత పని. ఆ రోజు టైము లెక్కలో గంట అదనంగా వేసుకోండి, లేదా చోడవరం నుంచి సైకిల్‌ని వ్యాన్‌లో వేసేయండి. అందులో చిన్నతనమేమీ లేదు.

4. మ్యాప్ గీయండి, కానీ అది చెప్పిన ఎత్తును గుడ్డిగా నమ్మకండి

రైడ్ విత్ జీపీఎస్, కొమూట్, స్ట్రావా లాంటి దారి గీసే యాప్‌లలో ఏదైనా ఒకదాన్ని వాడండి. గీసిన దారిని జీపీఎక్స్ ఫైలుగా (జీపీఎస్ చదవగలిగే దారి ఫైలు) ఫోన్లో దించుకోండి. దాంతోపాటు ఆ ప్రాంతం మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో దించుకోవడం తప్పనిసరి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

ఇప్పుడు ఎత్తు పటం చూడండి. ఎస్.కోట దాదాపు మైదానంలోనే ఉంది. గాలికొండ వ్యూ పాయింట్ సుమారు 1,300 మీటర్ల ఎత్తు. రెండింటి మధ్య 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఎక్కే ఎత్తును దూరంతో భాగించి నూరుతో గుణిస్తే సగటు వాలు 3 శాతం వస్తుంది. వినడానికి సులువుగా ఉంటుంది, కానీ సగటు అసలు సంగతి దాచేస్తుంది. ఎస్.కోట దాటాక కొంతదూరం చదునే. మధ్యలో చిన్న దిగుళ్లు కూడా ఉన్నాయి. అవి పోగా మిగిలిన ముక్కల్లో వాలు సగటుకు రెట్టింపు దాకా ఉంటుంది. అందుకే దారిని కిలోమీటరుకో ముక్కగా కోసి ఒక్కో ముక్క వాలు విడిగా రాసుకోండి. 3 నుంచి 5 శాతం ఉంటే మాట్లాడుకుంటూ ఎక్కవచ్చు. 6 నుంచి 8 ఉంటే మాటలు ఆగిపోతాయి. 10 దాటిన ముక్క కిలోమీటరు పొడవుంటే, బ్యాగులతో వెళ్లే మామూలు రైడర్ నడవాల్సి రావచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. ఈ యాప్‌లు వాడే ఎత్తుల సమాచారం చాలావరకు ఉపగ్రహాలు, రాడార్లు కొలిచిన గళ్ల పటం. ఒక్కో గడి పదుల మీటర్ల వెడల్పు ఉంటుంది. కొండ పక్కను తొలిచి వేసిన రోడ్డు పక్కనే లోయ ఉంటే, మీరు గీసిన గీత కాస్త పక్కకు జరిగినా ఒక గడిలో కొండ, మరో గడిలో లోయ వస్తాయి. అప్పుడు లేని 18 శాతం ఎక్కుడు, దాని వెనకే లేని దిగుడు పటంలో మొలుస్తాయి. మొత్తం ఎక్కే ఎత్తు కూడా పెరిగిపోతుంది. ఘాట్ రోడ్డు మీద వంద మీటర్ల లోపు పొడవున్న సూదిమొన కనిపిస్తే కంగారు పడకండి. అర కిలోమీటరు పైన నిలకడగా కనిపించే వాలునే నమ్మండి. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రంలో దారంతా వేలితో జరుపుకుంటూ చూడండి: హెయిర్‌పిన్‌లు (వెనక్కి మెలి తిరిగే మలుపులు) ఎన్ని, చెట్ల నీడ ఎక్కడ, రోడ్డు పనులతో ఎర్రమట్టి ఎక్కడ బయటపడి ఉంది.

5. గేర్లు చూసుకోండి

ముందు చిన్న పళ్ల చక్రం 34 పళ్లు, వెనక పెద్దది 25 పళ్లు ఉంటే, పెడల్ నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే మీరు గంటకు 10 కిలోమీటర్ల పైన వెళ్లాలి. 8 శాతం వాలు మీద సైకిల్‌తో కలిపి 80 కిలోల బరువుకి అది దాదాపు 200 వాట్ల పని. రెండు గంటలు అలా తొక్కగలిగేవాళ్లు తక్కువ. వెనక 32 లేదా 34 పళ్లది వేయించుకుంటే అదే లయలో ఎనిమిది స్పీడుకి దిగుతారు, పని 150 వాట్ల దగ్గరకు వస్తుంది. మోకాళ్లు బతుకుతాయి. టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా, ఫ్రేమ్‌లో చోటుంటే 32 వేసుకోండి.

6. టైము లెక్క

చదును దారిలో గంటకు 20 కిలోమీటర్లు, ఎక్కుడులో గంటకు 500 మీటర్ల నిలువు ఎత్తు. ఈ రెండు అంకెలు చాలు. ఎస్.కోట నుంచి గాలికొండకు సుమారు 1,200 మీటర్లు కాబట్టి ఆగకుండా తొక్కితే రెండున్నర గంటలు. ఆగడాలు, నీళ్లు, ఫొటోలు, చదును ముక్కలు కలిపి నాలుగు గంటలు వేసుకోండి. అంతకుముందు విశాఖ నుంచి ఎస్.కోటకు రెండున్నర, మూడు గంటలు. అంటే పొద్దున ఐదింటికి బయల్దేరితే మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంటకు పైన ఉంటారు. పెందుర్తి, కొత్తవలస మీదుగా లారీలు పెరగకముందే దాటేయడానికి కూడా ఆ ఐదు ముఖ్యం. ఆ ట్రాఫిక్ మీకు టెన్షన్ అనుకుంటే ఎస్.కోట దాకా కారులో వెళ్లి అక్కడే తొక్కడం మొదలుపెట్టండి. ఆ మైదానపు ముక్క వదిలేసినంత మాత్రాన పోయే అందమేమీ లేదు.

ప్రతి ముక్కకూ ఒక ‘వెనుదిరిగే టైము’ రాసుకోండి. పదకొండున్నరకు అనంతగిరి చేరకపోతే అక్కడి టూరిజం బసలోనో, వేరే గదిలోనో ఆగిపోవాలి అని ముందే తేల్చుకుంటే, అలసిపోయి ఉన్నప్పుడు కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు. బొర్రా గుహల దారి కూడా ఈ లెక్కలోనే చూడండి. అది మెయిన్ రోడ్డు నుంచి బాగా కిందికి దిగుతుంది, దిగినదంతా మళ్లీ ఎక్కాలి. మొదటి రోజు దాన్ని కలపొద్దు.

7. కాలం

సెప్టెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ నవంబర్, డిసెంబర్‌లలో అరకు చుట్టుపక్కల వలిసె పూలు పసుపు పరుస్తాయి. కానీ ఆ నెలల్లోనే పొద్దున్నే పొగమంచు కమ్ముతుంది. లంబసింగి, పాడేరు వైపు ఏడింటికి కూడా ముందు వస్తున్న జీపు లైట్లు తప్ప ఏమీ కనిపించని రోజులుంటాయి. మంచు విడిచాకే రోడ్డెక్కండి. వారం మధ్యలో వెళ్లగలిగితే పర్యాటకుల రద్దీ తప్పుతుంది.

మార్చి, ఏప్రిల్‌లలో జల్లు పడ్డ కొద్ది రోజులకి కాఫీ పూస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల కింద తెల్లటి పూలు, మల్లెల్లాంటి వాసన. సుంకరమెట్ట దగ్గరా, పాడేరు పైన మినుములూరు దగ్గరా స్పీడు తగ్గించి తొక్కండి. కాకపోతే కింద మైదానంలో ఎండ అప్పటికే మండుతూ ఉంటుంది.

వర్షాకాలంలో జలపాతాలు బాగుంటాయి, రోడ్లు బాగుండవు. కొండచరియలు విరిగిపడతాయి, నీడ మలుపుల్లో నాచు పడుతుంది. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులు తడిస్తే చక్రం కొన్ని చుట్లు తిరిగాక గానీ పట్టవు. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను కబురు ఏదైనా ఉంటే ప్లాన్ మార్చుకోవాల్సిందే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ ఈ తీరాన్ని, ఈ కొండల్ని ఏం చేసిందో ఇక్కడివాళ్లు మరిచిపోలేదు.

8. తాజా కబురు కనుక్కోండి

మ్యాప్‌కి తెలియనిది ఆర్టీసీ డ్రైవర్‌కి తెలుసు. విశాఖ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు దగ్గర నిలబడి ‘అన్నా, ఘాట్‌లో రోడ్డెలా ఉంది, పనులేమైనా జరుగుతున్నాయా’ అని అడగండి. అరకు, పాడేరు, చింతపల్లిల మీదుగా వెళ్లే 516ఈ జాతీయ రహదారి విస్తరణ పనుల వల్ల ఈ మధ్య సంవత్సరాల్లో ఈ దారి రూపు చాలా మారింది. ఒకచోట అద్దంలాంటి రోడ్డు, తర్వాతి మలుపులో కంకర. పోయినేడు వెళ్లొచ్చినవారి ఫొటోలు చూసి లెక్క వేయకండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: దారిలో ఏ ఊళ్లో ఏ రోజు సంత? సంత రోజు జీపుల టాపుల మీద కూడా మనుషులుంటారు, రోడ్డు వెంట తట్టలతో నడిచేవాళ్లుంటారు. సంత చూడాలనుకుంటే ఆ రోజే వెళ్లి, ఊరికి అటూ ఇటూ సైకిల్ దిగి నడిపించుకు వెళ్లండి. అడవి పండ్లు, దుంపలు, పసుపు, చింతపండు అమ్మే ఆ అమ్మల దగ్గర ఏదో ఒకటి కొనండి. ఫొటో తీసేముందు అడగండి.

9. నీళ్లు, తిండి, సామాన్లు

ఎక్కేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. రెండు సీసాలతో బయల్దేరి ఎస్.కోట, అనంతగిరి, అరకుల్లో నింపుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, అరటిపళ్లు, పల్లీ చిక్కీ జేబులో ఉంచుకోండి. వ్యూ పాయింట్ల దగ్గర కోతులుంటాయి, తిండి పైకి కనిపించనివ్వకండి. బొంగులో చికెన్ రాత్రి భోజనానికి బాగుంటుంది, ఎక్కుడుకి ముందు మాత్రం వద్దు. ఘాట్ దిగాక మాడుగులలో ఆగితే అక్కడి హల్వా ఎదురుగాలిలో తొక్కడానికి మంచి ఇంధనం.

రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, పంపు, చైన్ లింకు, అలెన్ కీలు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు, పగలు కూడా వెలిగే వెనక లైటు, గుర్తింపు కార్డు. వీటికి తోడు మీ సైకిల్‌కి సరిపోయే డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి ఉంచుకోండి. కోతల కాలంలో రైతులు చోడి (రాగి) కంకుల్ని రోడ్డు మీద పరుస్తారు, వాహనాల చక్రాల కింద గింజ రాలుతుందని. ఆ గడ్డి వెనక గేరులో చుట్టుకుంటే హ్యాంగర్ పుటుక్కున విరుగుతుంది. దాన్ని దగ్గరి షాపులో కొందామంటే దొరకదు. అలాంటి చోట సైకిల్ దిగి, పక్కనుంచి నడిపించుకు వెళ్లండి. అది వాళ్ల పంట కూడా.

అరకు, పాడేరు, ఎస్.కోటల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. వాటిని మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. అత్యవసరమైతే 108. సిగ్నల్ లేనిచోట దెబ్బ తగిలితే వచ్చే బస్సునో, జీపునో ఆపడమే దారి కాబట్టి ఒంటరిగా కాక కనీసం ముగ్గురు వెళ్లండి: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఒకరు కబురు తీసుకెళ్తారు.

10. దిగడం

పాడేరు నుంచి మైదానానికి దాదాపు 800 మీటర్లు దిగుతాం. సైకిల్‌తో కలిపి 85 కిలోల బరువు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి రెండు లీటర్ల చల్లని నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి పీల్చుకుంటుంది, మిగతాదంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. దారి పొడవునా బ్రేకును మెల్లగా నొక్కి ఉంచితే వేడి పేరుకుపోతుందే గానీ చల్లారే సందు ఉండదు. రిమ్ వేడెక్కితే ట్యూబు పేలవచ్చు, డిస్క్ వేడెక్కితే పట్టు సడలుతుంది. మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే, రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి స్పీడు తగ్గించండి. మలుపులో వదిలేయండి. ఐదారు మలుపులకోసారి ఆగి, చేతులు విదిలించి, లోయ చూసి, మళ్లీ బయల్దేరండి. చూడదగ్గ చోట్లన్నీ అక్కడే కాబట్టి ఆగడం నష్టమేమీ కాదు. ఆగేటప్పుడు మలుపులో కాకుండా, రెండువైపులా కనిపించే తిన్నని చోట, రోడ్డు దిగి ఆగండి.

స్పీడుకి ఒక కొలత పెట్టుకోండి. గంటకు 40లో వెళ్తూ 7 శాతం దిగుడులో ప్రమాదం కనిపించిన క్షణం నుంచి ఆగడానికి సుమారు 30 మీటర్లు కావాలి, 30లో అయితే 20 లోపే. పొడి రోడ్డు మీద మాట ఇది. ఘాట్ మలుపుల్లో చాలాచోట్ల కనిపించే దూరం పాతిక మీటర్లు కూడా ఉండదు. అలాంటిచోట 40 మీద ఉన్నారంటే ఎదురుగా ఏమీ రాదన్న నమ్మకం మీద వెళ్తున్నట్టే. ఎదురొచ్చే బస్సు హెయిర్‌పిన్ తిరగడానికి రోడ్డంతా తీసుకుంటుంది, దానికి వేరే దారి లేదు. హారన్ వినిపిస్తే మలుపుకు ముందే ఎడమకు ఆగిపోండి. ఇరుకు కొండదారిలో ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వాలన్నది రూలు కూడా. చెవుల్లో పాటలు పెట్టుకోకండి, ఆ హారనే మీకు కావాల్సింది.

మలుపుల బయటి అంచున ఇసుక, సన్న కంకర పేరుకుని ఉంటాయి. చక్రాలు తొక్కి శుభ్రమైన బాట మీదే ఉండండి, మధ్యగీత దాటకండి. కొండ ఎడమవైపు ఉంటే మూత లేని కాలువ, లోయ ఎడమవైపు ఉంటే పిట్టగోడ లేని అంచు. ఏ వైపైనా అంచుకు మీటరు దూరం ఉంచండి.

11. తిరిగొచ్చాక

జీపీఎక్స్ ఫైలును అలాగే వదిలేయకండి. నీళ్లు దొరికిన కొట్టు, కుక్కలు వెంటపడిన ఊరు, కంకర మలుపు, మంచి టీ, పంక్చర్ వేసే షాపు, సిగ్నల్ పోయిన చోటు, తిరిగొచ్చిన చోటు అన్నీ దాని మీద గుర్తులు పెట్టి, పక్కన తేదీ వేయండి. ఆ తర్వాతే తోటి రైడర్లకు పంపండి. ఒక వర్షాకాలం దాటిన గుర్తుల్ని మళ్లీ అడిగి, సరిచూసుకున్నాకే వాడుకోమని వాళ్లకు చెప్పండి.